గుండ్రటి తోరణం అరగంటలో కాదండీ

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీ చదివాను. పాత చీర ఒకటి, అట్టముక్క ఒకటి, వేడి జిగురు కార్చే గ్లూ గన్ ఒకటి ఉంటే చాలు, క్రిస్మస్‌కి తలుపుకి కట్టుకునే గుండ్రటి ఆకుల దండ, రీత్ అంటారు, అది పైసా ఖర్చు లేకుండా అరగంటలో తయారని రాశారు. ఫొటో బాగుంది. నేను గుంటూరులో 31 ఏళ్ల నుంచి మిషను తొక్కుతున్నదాన్ని. తొమ్మిదేళ్ల నుంచి జాకెట్లతో పాటు గుమ్మం తోరణాలు, ఈ గుండ్రటి రీత్‌లు కూడా గుడ్డతో కుట్టి ఇస్తున్నాను. అందుకని ఆ పేజీ రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని చదివాను, ఎక్కడన్నా సూది అనే మాట కనపడుతుందేమోనని. కనపడలేదు.

బుధవారం నాడు ఒకావిడ వచ్చింది. చుట్టాలకి పంచడానికని ఆరు రీత్‌లు ఆర్డరిచ్చి వెళ్లిన మనిషే. బ్యాగులోంచి మీ పేపరు మడత తీసి, కటింగ్ బల్ల మీద పరిచి, "అక్కా, అరగంట పనికి ఆరొందలు తీసుకుంటున్నావా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆరింటిలో నాలుగు వద్దని వెళ్లిపోయింది. మిగిలిన రెండూ నాలుగొందల లెక్కన ఇమ్మని బేరం. ఆవిడ మీద నాకు కోపం లేదు. పేపర్లో వచ్చిందంటే నిజమే అనుకుంటాం. అలా అనుకుంటాం కాబట్టే రోజూ పేపరు వేయించుకుంటాం.

ఊరికే మాట్లాడకూడదని గురువారం మధ్యాహ్నం గడియారం ఎదురుగా పెట్టుకుని, మీరు రాసినది రాసినట్టు చేశాను. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలిద్దరూ సాక్ష్యం. చీర చింపి పేలికలు చెయ్యడానికే 25 నిమిషాలు పట్టింది. అట్ట గుండ్రంగా కోసేసరికి ఇంకో పది. చుట్టి, అంటించి, పువ్వు పెట్టి లేచేసరికి గంటా ఇరవై నిమిషాలు. చూపుడువేలు మీద జిగురు పడి బొబ్బ లేచింది. ఆ వేలు లేకుండా ఆ సాయంత్రం హెమ్మింగ్ ఎలా చేశానో నాకే తెలుసు. సరే, నా చేతికి ఆ పని కొత్త అనుకోండి, అలవాటైన వాళ్లకి ముప్పావుగంటలో అవుతుందేమో. గంట లెక్కతోనే నా పేచీ అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ పేజీలో పైకి కనపడేదంతా ఉంది, లోపల ఏముండాలో ఒక్క ముక్క లేదు. గుడ్డతో చేసే ఏ అలంకరణకైనా పని ఉండేది లోపలే.

నేను కూడా మొదట మీలాగే చేశాను, ఒప్పుకుంటాను. తొమ్మిదేళ్ల కిందట మా చర్చికి వచ్చే ఒక పెద్దావిడ డల్లాస్‌లో కూతురింట్లో ఆర్నెల్లుండి వచ్చింది. అక్కడ తలుపుకి కట్టిన రీత్ ఫొటో ఫోన్లో చూపించి, "ఇలాంటిది కుట్టి పెట్టమ్మా" అంది. అప్పటిదాకా నాకు రీత్ అంటే సమాధి మీద పెట్టేదే. మా అమ్మయితే, "శవం దగ్గర పెట్టేది గుమ్మానికి కట్టుకుంటారంటే, ఏం చోద్యం!" అని రెండు రోజులు ఆ వస్తువు ఇంట్లో ఉంచనివ్వలేదు. అందుకే మా వీధిలో అందరం దాన్ని రీత్ అనం, గుండ్రటి తోరణం అంటాం. ఇప్పుడు హిందువుల ఇళ్ల వాళ్లు కూడా ఆ పేరుతోనే అడిగి చేయించుకుంటున్నారు.

ఆ మొదటిదాన్ని అట్ట మీద గుడ్డ చుట్టి, గ్లూ గన్‌తో ఆకులు అంటించి ఇచ్చాను. డిసెంబరులో బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ ముచ్చటపడి పండగయ్యాక కూడా తియ్యకుండా పడమటి వరండా గ్రిల్‌కి ఉంచేసింది. మే నెల వచ్చింది. గుంటూరు ఎండ సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు, పడమటి పొద్దుకి ఇనప గ్రిల్ మీద చెయ్యి ఆనదు. జిగురు మెత్తబడి ఆకులు ఒకటొకటే జారాయి. జూన్‌లో మొదటి జల్లుకి అట్ట నాని, తడిసిన అప్పడంలా వేలాడింది. ఆవిడ ఏమీ అనలేదు. కవర్లో వేసి తెచ్చి, "చూడమ్మా" అని బల్ల మీద పెట్టింది. తిట్టినా బాగుండేది.

రెండో ఏడు అట్ట మానేసి బక్రం వేశాను. ప్యాంటు నడుముపట్టీలో వేస్తారు చూడండి, గంజి పట్టించిన గట్టి గుడ్డ, అది. కోస్తే కరకరలాడుతుంది. చేతిలో నిలబడుతుంది. వరలక్ష్మీ వ్రతానికి నాలుగిళ్లకి ఆ బక్రంతో మావిడాకుల తోరణాలు కుట్టాను. శ్రావణమాసం వాన మీకు తెలిసిందే. జల్లు కొట్టిన రెండిళ్లలో గంజి కరిగి ఆకులు చెవులు వాల్చేశాయి. ఆకుపచ్చ గుడ్డ మీద గోధుమరంగు మరకలు కట్టాయి. మిగిలిన రెండిళ్ల వాళ్లు భద్రంగా మడతపెట్టి అటక మీద దాచుకున్నారు. ఉగాదికి తీసి చూస్తే బొద్దింకలు అంచులు కొరికేసి ఉన్నాయి. గంజి అంటే వాటికి విందు భోజనమే. ఇళ్లల్లో మైదాపిండి ఉడకబెట్టి జిగురుగా వాడి బొమ్మలు చేసేవాళ్లకి కూడా ఇదే గతి.

అప్పుడు పట్నంబజారులో టైలరింగ్ సామాన్ల కొట్టాయన ఫ్యూజింగ్ చూపించాడు, ఇస్త్రీ వేడికి గుడ్డ లోపలివైపు అంటుకుని దాన్ని గట్టిగా నిలబెట్టే పొర. అంతకు ముందు నాకు తెలియక కాదు, జాకెట్ మెడకి క్యాన్వాస్ పేస్టింగ్ వేస్తూనే ఉన్నాను. తోరణానికి కూడా అదే పనికొస్తుందని తట్టలేదు, అంతే. ఇది నీళ్లకి కరగదు. పల్చనిది, మందంది, అట్టలా ఉండేది, ఇలా రకాలున్నాయి. ఒక వైపు చేత్తో తడిమితే గరుకుగా, చిన్న చిన్న చుక్కలు తగులుతాయి. అదే జిగురు. ఆ వైపు గుడ్డ ఉల్టా వైపుకి ఆనించి ఇస్త్రీ చేస్తే పట్టుకుంటుంది. తిరగేసి పెడితే ఇస్త్రీ పెట్టెకి పట్టుకుంటుంది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి అమ్మాయీ మొదటి వారంలో ఒకసారి పెట్టె పాడుచేసింది. నేనూ చేశాను.

ఇస్త్రీ అన్నానని చొక్కా మీద తోసినట్టు తొయ్యకూడదు. పెట్టె పెట్టి, నొక్కి, పన్నెండు లెక్కపెట్టి, ఎత్తి పక్కన పెట్టాలి. తోస్తే లోపలిది జరిగి ముడత పడుతుంది, ఇక ఆ ముడత పోదు. చల్లారేదాకా కదపకూడదు. కొత్త కాటన్ అయితే ముందు తడిపి ఆరేసుకోవాలి. లేకపోతే తర్వాత ఎప్పుడు తడి తగిలినా గుడ్డ కుంచించుకుంటుంది, లోపలిది కుంచించుకోదు, పైన బొబ్బలు లేస్తాయి. మీరు పాత పట్టుచీర వాడమని రాశారు. ఇప్పటి చీరల్లో చాలావాటి జరీ ప్లాస్టిక్ పోగే, నేరుగా వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి నొక్కాలి. ఈ ఒక్క మాట రాసి ఉంటే ఎవరో ఒకరి పెళ్లిచీర అంచు దక్కేది.

గట్టిదనం ఫ్యూజింగ్ ఇస్తుంది గానీ బొద్దుతనం ఇవ్వదు. గుండ్రటి తోరణం పలకలా ఉంటే బాగుండదు, కొంచెం ఉబ్బాలి. దానికి ఫోమ్. జాకెట్ కప్పుల్లో, చేతిసంచుల్లో వేసే పల్చటి షీటు, 5 మిల్లీమీటర్లది చాలు. ఇక్కడే మీ పేపరు నాకు ఉపయోగపడుతుంది, చెప్తాను వినండి. ఫోమ్‌ని మిషను కింద పెడితే, గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం దానిలో దిగబడుతుంది, ఫోమ్ ముందుకి జరగదు. పైగుడ్డ ఒకవైపు, అడుగుగుడ్డ ఇంకోవైపు పోతాయి. అందుకని ఫోమ్ కింద ఒక పేపరు, పైన ఒక పేపరు పెట్టి కుట్టి, తర్వాత చింపేస్తాం. కుట్టు పొడుగ్గా పెట్టుకోవాలి. పొట్టి కుట్టు పెడితే పేపరు చింపినట్టే ఫోమ్ కూడా కుట్టు వెంట తెగిపోతుంది. పట్టు జాకెట్లు కుట్టే 11 నంబరు సన్న సూది తీసేసి లావుది, 14 వెయ్యాలి, అట్టలాంటి ఫ్యూజింగ్ కూడా ఉంటే 16. గుండుసూదులు గుచ్చితే ఫోమ్ ఎగుడుదిగుడు అవుతుంది, బట్టలారేసే క్లిప్పులు హాయి.

పేపరు విషయంలో ఇంకో మాట. తెల్లగుడ్డ కుట్టేటప్పుడు సిరా అంటుతుంది. ఒకసారి తెల్లటి తోరణం అడుగున సినిమా ప్రకటన అచ్చయింది, హీరో కన్నుతో సహా. అప్పటి నుంచి తెల్లవాటికి పేపరు చుట్టూ అచ్చు లేని అంచు కత్తిరించి వాడుతున్నాను. ఆ అంచు ఈమధ్య బాగా సన్నబడింది, మీరు గమనించారో లేదో. నేను కుట్టు నేర్చుకున్న రోజుల్లో మొదటి నెలంతా గుడ్డ ముట్టనివ్వలేదు. న్యూస్‌పేపరు మీదే జాకెట్ కటింగ్. కాబట్టి మీకూ మాకూ సంబంధం పాతదే.

ఇప్పుడు ఆకుల లెక్క. అరగంట అన్న మాట ఎంత అన్యాయమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆకులు బిగించే గుండ్రటి చుట్టు బయటి అడ్డకొలత 14 అంగుళాలు, లోపలి ఖాళీ 8. అన్నం కంచం బోర్లించి బయటి గీత, గిన్నె మూత పెట్టి లోపలి గీత గీస్తాను. మా కంచం సరిగ్గా 14 ఉండదు, అరంగుళం దూరంలో ఇంకో గీత గీస్తాను. చిన్నప్పుడు బళ్లో చెప్పిన ఇరవై రెండు బై ఏడుతో గుణిస్తే బయటి చుట్టు 44 అంగుళాలు, లోపలి చుట్టు 25 చిల్లర. ఆకు వెడల్పు 2 అంగుళాలు, పొడవు 4. అంటే బయటి వరస నిండడానికి 22 ఆకులు. రెండో వరస అడ్డకొలత 9 అంగుళాలుండే గీత మీద వస్తుంది, దాని చుట్టు 28 చిల్లర, దానికి 14. మొత్తం 36 ఆకులు. ఒక్కో ఆకుకి రెండు ముక్కలు, 72 కత్తిరింపులు. ఒక ముక్కకి పల్చటి ఫ్యూజింగ్. అదీ కుట్టుకి వదిలిన పావంగుళం తీసేసి, లోపలి కొలతకే కత్తిరించాలి. లేకపోతే అంచు దగ్గర మందాలన్నీ కలిసి ఆకు చివర ముద్దగా, బూరెలా వస్తుంది.

రెండు ముక్కల మంచివైపులు ఎదురెదురు పెట్టి, మిషను మీద చుట్టూ కుట్టి, తొడిమ దగ్గర ఖాళీ వదలాలి. వంపు వెంట కత్తెరతో చిన్న గాట్లు పెట్టాలి, కుట్టు తెగకుండా. కొస కత్తిరించాలి. అప్పుడు తిరగెయ్యాలి. కొస పైకి రావడానికి దబ్బనం వాడితే చిల్లి పడుతుంది. లేసు అల్లే సూది వెనకవైపు నున్నగా ఉంటుంది, దానితో నెడితే వస్తుంది. తర్వాత ఇస్త్రీ, తర్వాత మధ్యలో ఈనె కుట్టు. ఈ ఈనె అందానికి అనుకుంటారు. అందానికే, కానీ లోపల ఫ్యూజింగ్ ఎప్పటికైనా ఊడితే జరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. చెయ్యి తిరిగిన నాకు ఒక్కో ఆకుకి 6 నిమిషాలు. 36 ఆకులకి మూడు గంటల 36 నిమిషాలు. అంటే మీరు చెప్పిన అరగంటలో నాకు ఐదు ఆకులు అవుతాయి.

ఆకులు బిగించే ఆ గుండ్రటి చుట్టు సంగతి వేరే. మధ్యలో ఖాళీ ఉన్న గుండ్రటిదాన్ని, రెండు అంచులూ కుట్టేశాక, దిండు గలీబులా తిరగెయ్యలేరు. ఎవరన్నా కొత్తవాళ్లు ప్రయత్నించి చూడండి, అరగంట సరదాగా గడుస్తుంది. నేను తిరగేసే పనే పెట్టుకోను. గుడ్డ, ఫోమ్, గుడ్డ మూడూ పేర్చి కచ్చా కుట్టు వేసి, రెండు అంచులకీ పైపింగ్ వేసినట్టు క్రాస్ పీస్ వేస్తాను. 44, 25 కలిపితే 69 అంగుళాలు, అతుకులకి ఇంకో మూడు. ఈ పట్టీ నిలువు గుడ్డలో తీస్తే వంపు దగ్గర కుచ్చెళ్లు పడుతుంది. ఐమూలగా కత్తిరిస్తేనే సాగి, చెప్పినట్టు వింటుంది. ఇదంతా ఒక గంట. ఆకులు చేత్తో కుట్టి బిగించడానికి ఇంకో గంట. ఎర్రటి గుడ్డ గింజలు, బో, వెనక తగిలించే కాజా ఇవన్నీ ఇరవై పాతిక నిమిషాలు. అంతా కలిసి ఆరు గంటలు.

ధర 600. గుడ్డ, ఫ్యూజింగ్, ఫోమ్, దారం కలిపి 240 అవుతుంది. మిగిలేది 360. గంటకి 60 రూపాయలు. మా వీధిలో లైనింగ్ జాకెట్ కుట్టుకూలి 350, రెండు గంటల్లో లేస్తుంది. కాబట్టి ఎవరన్నా నన్ను ఈ తోరణాల మీద మేడ కట్టిందనుకుంటే తప్పు. పెళ్లిళ్ల సీజను లేనప్పుడు మిషను ఖాళీగా ఉండకూడదని మొదలుపెట్టాను. తర్వాత ఇష్టమైంది. మంగళగిరి కాటన్‌తో కుట్టమంటే 150 ఎక్కువ తీసుకుంటాను. మనకి అరగంట దూరంలో నేసే గుడ్డ, నిజాం బోర్డరు చిన్న చిన్న గోపురాల వరసలా ఉంటుంది. ఆ బోర్డరుని ఈనెకి సరిగ్గా వచ్చేట్టు కత్తిరిస్తే ఆకు పుట్టుకతోనే అలా ఉన్నట్టుంటుంది. గుడ్డ వృథా ఎక్కువ, చెయ్యడానికి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

పెడన కలంకారీ కూడా అడుగుతారు. అది మొదటి ఉతుకులో రంగు దిగుతుంది, ముందే రెండుసార్లు జాడించి ఆరేసుకున్నాకే పక్కన తెలుపు పెడతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మీ వ్యాసం చివర్లో, ఆ రీత్‌ని బల్ల మీద పడుకోబెట్టి మధ్యలో కొవ్వొత్తి గానీ ప్రమిద గానీ వెలిగిస్తే "ఇంకా కళగా ఉంటుంది" అని రాశారు. అది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు కార్తీకమాసం, ఇంటింటా గుమ్మంలో దీపాలు. ఇంకో రెండు వారాల్లో మా ఆగమన ఆదివారాలు, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. అట్ట, పాలిస్టర్ చీర, గ్లూ గన్ జిగురు, కొందరు లోపల ఫోమ్ కూడా. వీటిలో నిప్పు తగిలితే ఆగేది ఒక్కటీ లేదు. ఫోమ్ భగ్గున అంటుకుంటుంది, కరిగి కారుతుంది, ఊపిరాడని నల్లటి పొగ. నా కొట్లోనే ఒకసారి ఇస్త్రీ పెట్టె పక్కన పడి ఉన్న అరచేయంత ఫోమ్ ముక్క అంటుకుంది. ఆర్పేలోపు బల్ల మీద రెక్సిన్ కాలింది. పొగకి మేమందరం వీధిలో నిలబడ్డాం. అరచేయంత ముక్క!

నేను లూథరన్ సంఘంలో, అంటే ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖలో, పుట్టి పెరిగినదాన్ని. 1842లో మా మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చారని సండే స్కూల్లోనే మాకు బట్టీ. ఆయన రావడానికి మూడేళ్ల ముందు, 1839లో, జర్మనీలోని హాంబర్గులో విహెర్న్ అనే లూథరన్ బోధకుడు పేద పిల్లల ఆశ్రమం నడిపేవాడు. పిల్లలు రోజూ "క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు" అని అడుగుతుంటే ఒక పాత బండిచక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడట. మామూలు రోజులకి చిన్నవి, ఎర్రవి. ఆదివారాలకి పెద్దవి, తెల్లవి. రోజుకొకటి వెలిగిస్తూ పోతే పండగ ఎంత దూరముందో పిల్లలకే తెలుస్తుంది. ఆగమన కాలంలో వెలిగించే రీత్ కథ అది. చూడండి, ఆయన పెట్టింది కర్ర చక్రం మీద, గుడ్డ మీద కాదు. దీపం పెట్టేది వేరు, తలుపుకి కట్టేది వేరు. మా చర్చిలో కొవ్వొత్తులకి ఇత్తడి చట్రం ఉంది, నేను కుట్టినవి గోడలకి, తలుపులకి. రెండూ కలపం. ఎవరన్నా కలుపుతామంటే నేను కుట్టి ఇవ్వను, ఆర్డరు పోయినా సరే.

మావిడాకుల తోరణం విషయంలో కూడా ఇదే చెప్తాను. గుమ్మం వెడల్పు చట్రం లోపలి వైపు కొలిచి, కింద గడప మీద పెట్టే దీపం సెగ తగలనంత ఎత్తులో కట్టుకోవాలి. మా పక్కింటి వదిన పండగ రోజున పచ్చి మావిడాకులే కడుతుంది. నా గుడ్డ తోరణం దానికి పైన వరస. "ఆకు వాడిపోయాక కూడా గుమ్మం బోసిగా లేకుండా నీది" అంటుంది. ఆ వాడుకే సరైనదని నాకూ అనిపిస్తుంది. మావిడాకుకి బదులు గుడ్డ అని నేనెప్పుడూ అమ్మలేదు.

ఇంట్లో చేసుకోవద్దని నా ఉద్దేశం కాదు. చేసుకోమనే అంటాను. నాకు పోటీ వస్తారని భయం లేదు, ఒక్కసారి 36 ఆకులు తిరగేసిన వాళ్లు ఆ తర్వాత నా దగ్గర బేరమాడరు. మిషను లేకపోతే చేత్తోనే, వెనక కుట్టు వేసుకుంటూ, చిన్నది 9 అంగుళాలది పధ్నాలుగు ఆకులతో మొదలుపెట్టండి. వారం రోజులు పడుతుంది, టీవీ చూస్తూ అయిపోతుంది. లోపల పల్చటి ఫ్యూజింగ్ వేసుకోండి, పాత చీర అయితే మీద గుడ్డ వేసి నొక్కండి. కుషన్లోంచి తీసిన పాత ఫోమ్ మాత్రం వద్దు. అది ఎండకి పసుపెక్కి, కొన్నాళ్లకి పిండిలా రాలుతుంది. తెల్లగుడ్డ కింద వేస్తే ఆ పసుపు పైకి కనపడుతుంది. దిండులో వేసే పత్తి పల్చగా పరిస్తే దానికన్నా మేలు. పండగయ్యాక మడత పెట్టకుండా, పాత దిండు గలీబులో వేసి మేకుకి తగిలించండి. దుమ్ముకి మెత్తటి బ్రష్షు, మరకకి తడిగుడ్డ. వాషింగ్ మిషన్లో వేసి తెచ్చి నాకు చూపించకండి, నేను చేసేదేమీ ఉండదు.

మీరు ఇంకోసారి రాయించేటప్పుడు రాసేవాళ్లని ఏ ఊళ్లోనైనా ఒక టైలరు దగ్గర ఒక్క పూట కూర్చోబెట్టండి. మా కొట్టుకి పంపినా సరే, టీ నేనే ఇప్పిస్తాను. ఒక్క ఆకు వాళ్ల చేత్తో కుట్టి తిరగేయిస్తాను. అప్పుడు ఎన్ని నిమిషాలు రాస్తారో రాయనివ్వండి. దీపం సంగతి మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగకుండా, రేపటి పేపర్లోనే, నాలుగు వాక్యాలు సవరణ వెయ్యండి. చిన్న అక్షరాల్లో చివరి పేజీలో కాదు, ఆ ఫొటో ఎంత వేశారో అంత.

నిన్న సాయంత్రం కొట్టు మూసేముందు, పని నేర్చుకునే అమ్మాయిల్లో చిన్నది మీ పేజీ చేత్తో పట్టుకుని, "ఆంటీ, మనం ఊరికే కష్టపడుతున్నామా?" అని అడిగింది. జవాబు చెప్పలేదు. అట్టతో చేసినది బయట పంపు కింద పెట్టి నిమిషం నీళ్లు వదలమన్నాను, పక్కన నేను కుట్టినది ఒకటి. పొద్దున వచ్చి చూసుకుంది. తర్వాత ఆ పేజీనే ఫోమ్ కింద పెట్టి కుడుతూ కూర్చుంది.

ఉత్తరం పెద్దదైంది. మీ దగ్గర జాగా తక్కువని, కత్తిరిస్తారని తెలుసు. ఆ అధికారం మీకుంది. కుట్టుకి పావంగుళం వదిలి కత్తిరించండి, దీపం పేరా మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
గుంటూరు